బండి ముందే చెప్పింది!

'ఫట్'మని ఒక్క చప్పుడు. తడి తువ్వాలు చాకిరేవు బండకేసి కొట్టినట్టు.

ఆ వెంటనే డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. స్టీరింగు ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ఏసీలోంచి వేడిగాలి కొట్టింది. ఇంజిను వేడిని చూపించే ముల్లు మెల్లగా పైకి పాకడం మొదలెట్టింది. డ్రైవింగ్ సీట్లో ఉన్న కొడుకు బలమంతా ఉపయోగించి బండిని రోడ్డు పక్క కంకర మీదకి దించాడు. తాళం తిప్పి ఇంజిను ఆపేశాడు.

వెనక సీట్లోంచి తండ్రి గొంతు వినిపించింది.

"బెల్టు."

ఒక్క మాటే. 'పొద్దున నేను చెప్పలా?' అనే రెండో మాట ఆయన అనలేదు. అనకపోవడమే కొడుక్కి ఎక్కువ కష్టంగా అనిపించింది.

అట్ల కొండ మీద...

అది 2023 ఆగస్టు. మధ్యాహ్నం రెండు గంటలు. అమెరికాలోని నెవాడా రాష్ట్రం గుండా పోయే 50వ నంబరు హైవే. 1986లో 'లైఫ్' పత్రిక ఈ రోడ్డుకి 'అమెరికాలోకెల్లా ఒంటరి రహదారి' అని పేరు పెట్టింది. నెవాడావాళ్లు చిన్నబుచ్చుకోకుండా అదే పేరుని బోర్డుల మీద రాసుకుని పర్యాటకుల్ని పిలవడం మొదలెట్టారు. ఫాలన్, ఆస్టిన్, యురేకా, ఈలీ... ఒక్కో ఊరికీ మధ్య వంద కిలోమీటర్లకి పైనే దూరం. మధ్యలో కొండ, లోయ, మళ్లీ కొండ. ఇంకేమీ ఉండదు.

బండి ఆగింది యురేకా దాటాక వచ్చే ఓ కనుమ దగ్గర. దాని పేరు పాన్‌కేక్ సమ్మిట్. ఎత్తు ఆరున్నర వేల అడుగులు. పాన్‌కేక్ అంటే ఏమిటో మనవరాలు వివరిస్తే, "అట్ల కొండా! ఇదేం పేరే తల్లీ" అని నాయనమ్మ పావుగంట కిందటే నవ్వింది. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. ఫోన్లు తీసి చూశారు. ఒక్కదానికీ సిగ్నల్ లేదు.

బండిలో ఉన్నది ఐదుగురు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు, కోడలు, పదేళ్ల మనవరాలు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. 2020లో రావాల్సిన పెద్దవాళ్లు కరోనా వల్ల ఆగిపోయి, మూడేళ్ల తర్వాత విమానం ఎక్కారు. తల్లికి మధుమేహం. రోజూ రెండుపూటలా ఇన్సులిన్ తీసుకోవాలి. తండ్రికి అరవై ఎనిమిదేళ్లు. ముప్పై అయిదేళ్లపాటు ఓ బస్సు డిపోలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి 2013లో రిటైరయ్యారు.

వాళ్లు వెళ్తున్నది గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కుకి. వేల ఏళ్ల వయసున్న చెట్లు, పదమూడు వేల అడుగుల శిఖరం ఉన్న చోటు. రాత్రిళ్లు అక్కడ దీపాల వెలుగు ఉండదు. అందుకే 2016లో దాన్ని అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా గుర్తించారు. పాలపుంతని తాతయ్యకి చూపించాలని మనవరాలి పంతం.

ముందు బండి, వెనక ఇల్లు

మోటార్‌హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు. ముందు భాగం వ్యాను. వెనక భాగంలో మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది. కొడుకు 2022లో ఓ పెద్దాయన దగ్గర దీన్ని కొన్నాడు. 1999 నాటి బండి. బరువు ఐదు టన్నులు. పది సిలిండర్ల పెట్రోల్ ఇంజిను. మీటరు మాత్రం 61 వేల మైళ్లే చూపిస్తోంది. 'పాతికేళ్లలో లక్ష కిలోమీటర్లు కూడా తిరగలేదు, కొత్తదానికింద లెక్క' అని కొడుకు సంబరపడ్డాడు. కొన్న తర్వాత కూడా అది ఏడాదిలో పదకొండు నెలలు ఇంటి పక్కన నిలబడే ఉంది.

ఈ బండికి రెండు కరెంటు సంసారాలు ఉంటాయి. ఇంజిను స్టార్ట్ చేయడానికి ఒక బ్యాటరీ. ఇంట్లో దీపాలకీ, ఫ్యాన్లకీ, ఫ్రిజ్ కంట్రోలుకీ మరో జత బ్యాటరీలు. రోడ్డు మీద నడుస్తున్నంతసేపూ రెండింటినీ నింపేది ఇంజిను పక్కనుండే ఆల్టర్నేటరే. దాన్ని తిప్పేది బెల్టు.

కొడుకు బానెట్ ఎత్తాడు. లోపల నల్లటి రబ్బరు పీలికలు వేలాడుతున్నాయి. తండ్రి తొంగి చూసి అడిగారు.

"మిగతా బెల్టులేవి?"

"ఇంకేం లేవు నాన్నా. అన్నిటికీ కలిపి ఇదొక్కటే."

ఆయన పనిచేసిన రోజుల్లో బస్సు ఇంజినుకి 'వి' ఆకారం బెల్టులు రెండు మూడు ఉండేవి. ఒకటి తెగితే మిగిలినవాటితో డ్రైవరు ఎలాగోలా దగ్గర్లోని ఊరికి చేరేవాడు. ఇందులో ఉన్నది సర్పెంటైన్ బెల్టు. పాములా మెలికలు తిరుగుతూ కప్పీలన్నిటినీ చుట్టుకుని వస్తుంది కాబట్టి ఆ పేరు. 1979 ఫోర్డ్ మస్టాంగ్‌తో మొదలై తర్వాత దాదాపు అన్ని కార్లకీ వచ్చేసింది. ఆల్టర్నేటరు, నీళ్ల పంపు, పవర్ స్టీరింగ్ పంపు, ఏసీ కంప్రెసరు... ఈ బండిలో నాలుగూ దాని మీదే తిరుగుతాయి. అది తెగిందంటే నాలుగూ ఒక్కసారే ఆగుతాయి.

"నాలుగిళ్లకి ఒకటే బావి తాడన్నమాట" అన్నారాయన.

కరెంటు తయారవకపోయినా బ్యాటరీలో ఉన్నదాంతో కాసేపు నడపొచ్చు. నీళ్ల పంపు ఆగితే మాత్రం నడపకూడదు. ఇంజిను చల్లబడే దారి లేక కొద్ది నిమిషాల్లోనే పాడైపోతుంది. ముల్లు పైకి పాకడం చూసి వెంటనే ఆపేయడం కొడుకు ఆరోజు చేసిన మంచిపని. 'ఎలాగో కొండ దిగేద్దాం' అనుకుని ఉంటే ఇంజినే పోయేది.

స్క్రూడ్రైవర్ అడిగితే...

ఆ పొద్దున ఆస్టిన్ దగ్గర క్యాంపులో జరిగిందిది.

ఇంజిను స్టార్ట్ చేయగానే కుయ్‌మని చప్పుడొచ్చింది. రెండు నిమిషాలకి తగ్గిపోయింది. టీ గ్లాసు పట్టుకుని అవతల నిలబడ్డ తండ్రి గబగబా వచ్చారు.

"అబ్బాయ్, పొడుగాటి స్క్రూడ్రైవరు ఏమన్నా ఉందా?"

"ఎందుకు నాన్నా?"

"ఇంజినుకి ఆనించి ఇంటా. పైన కుయ్‌మనేది బెల్టు. అడుగున ఇంకో శబ్దం ఉంది. గర్‌మంటంది. అది బేరింగ్‌ది."

స్క్రూడ్రైవరు కొనని ఆల్టర్నేటరు ఒంటికి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి బేరింగు ఎలా ఉందో తెలిసిపోతుంది. డాక్టరు స్టెతస్కోపు లాంటిదే. డిపోలో ఆయన అలాగే రోజుకి ఇరవై బస్సులు చూసేవారు.

కొడుకు నవ్వాడు. "చలికి అలాగే వస్తుంది నాన్నా. బయల్దేరేముందు నేనే చూశాను. బెల్టు మీద ఒక్క పగులు కూడా లేదు. ఇక్కడి బళ్లకి అలా చూడక్కర్లేదు" అన్నాడు.

'ఇక్కడ అలా కాదు నాన్నా.' వాళ్లు వచ్చిన రెండు నెలల్లో ఆ మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు వినిపించిందో లెక్కలేదు. తండ్రి కుళాయి వాషరు మారుస్తానన్నా అదే. పెరట్లో గడ్డి కోస్తానన్నా అదే. కొడుకుది చిన్నచూపు కాదు. నాన్నకి శ్రమ ఎందుకని. కానీ వినేవాడికి అది వేరేగా వినబడుతుంది. తండ్రి ఏమీ అనలేదు. టీ గ్లాసు కడిగి లోపల పెట్టేసి, వెళ్లి తన సీట్లో కూర్చున్నారు.

తెగింది ఒకటి, తెంచింది ఇంకోటి

ఇంజిను చల్లారేదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దన్నారు తండ్రి. రేడియేటర్ మూత జోలికి అసలే పోవద్దన్నారు. ముప్పావుగంట ఆగారు. ఈలోపు కోడలికి ఓ విషయం గుర్తొచ్చింది. బండి అమ్మిన పెద్దాయన తాళాలిస్తూ, భోజనాల బల్ల సీటు కింద ఓ డబ్బా ఉందనీ, పారేయొద్దనీ చెప్పాడు. ఏడాదిగా దాన్నెవరూ తెరవలేదు. ఇప్పుడు తెరిచింది. ఫ్యూజులు, ఓ రించీల కట్ట, పాత రసీదులు, అట్టలో చుట్టిన కొత్త బెల్టు! తెగిన పీలిక మీదున్న నంబరుతో సరిచూసింది. కలిసింది.

కొడుకు ముఖం వెలిగింది. తండ్రి ముఖంలో మార్పు లేదు. ఆయన తెగిన ముక్కని అరచేతిలో పరిచి చూస్తున్నారు.

"ఇది దానంతటది తెగలా. చూడు, ఒకపక్క అంచంతా దారాలు దారాలుగా లేచింది. గాడులు నున్నగా మెరుస్తన్నయ్. ఎక్కడో కప్పీ తిరగనని మొండికేస్తే, బెల్టు దాని మీద జారి జారి కాలింది. కొత్తది వేసే ముందు ఆ మొండిదాన్ని పట్టుకోవాల."

బెల్టు మీద పగుళ్లు లేవన్న కొడుకు మాట నిజమే. అయితే తొంభైల తర్వాత వచ్చిన బెల్టుల రబ్బరు మారిపోయింది. పాత రబ్బరు ముందు పగిలి ఆనక తెగేది. కొత్త రకం పగలదు. కారు టైరు అరిగినట్టు గాడుల్లో లోలోపలే అరిగిపోతుంది. కళ్లకి బాగానే కనిపిస్తుంది. ఆ అరుగుదలని గేజీ పెట్టి కొలవాలి. లేదంటే శబ్దం వినాలి.

తండ్రి చెప్పినట్టు కొడుకు ఒక్కో కప్పీని వేలితో తిప్పాడు. నీళ్ల పంపుది మెత్తగా తిరిగింది. స్టీరింగు పంపుది సరే. ఖాళీగా తిరిగే ఐడ్లరూ సరే. ఆల్టర్నేటరు దగ్గరికొచ్చేసరికి వేలికి ఇసుక తగిలినట్టయింది. గరగరమంటూ బరువుగా తిరిగింది.

"దొరికాడు" అన్నారు తండ్రి. పొద్దుటి నుంచి ఆయన ముఖంలో కనిపించిన మొదటి నవ్వు అది.

"ఏం చేద్దాం నాన్నా?" అని అడిగాడు కొడుకు.

ఆ ప్రశ్న అతను రెండు నెలల్లో మొదటిసారి అడిగాడు.

ఎర్రదీపం ఆరలేదు

బెల్టు ఎటునుంచి ఎటు చుట్టుకురావాలో చూపించే బొమ్మ బానెట్ కింద స్టిక్కరు మీద ఉంది. స్ప్రింగుతో బిగువు నిలిపే టెన్షనర్‌ని పొడుగాటి రించీతో వెనక్కి లాగిపట్టి, బెల్టుని ఒక్కో కప్పీ మీదుగా ఎక్కించాలి. గాడుల్లేని నున్నటి కప్పీని చివరికి ఉంచుకోవాలి. తండ్రి వేళ్లు ఆ ఇరుకులో పట్టలేదు. ఆయన చెబుతుంటే కొడుకు చేశాడు. రెండుసార్లు జారింది. మూడోసారి కూర్చుంది. కీబోర్డు తప్ప ఎరగని చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి.

స్టార్ట్ చేశారు. వేడి ముల్లు నెమ్మదిగా దిగింది. స్టీరింగు తేలికైంది. మనవరాలు చప్పట్లు కొట్టింది. కానీ ఎర్రటి బ్యాటరీ దీపం అలాగే ఉంది.

సిగరెట్ లైటర్‌లో గుచ్చే చిన్న వోల్టు మీటరు ఒకటి ఉంది బండిలో. నిండుగా ఉన్న బ్యాటరీ తీరుబడిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజిను తిరుగుతూ ఆల్టర్నేటరు పనిచేస్తుంటే 14 దరిదాపుల్లో ఉండాలి. వీళ్ల మీటరు 12.3 దగ్గర ఉంది. చూస్తుండగానే 12.2 అయింది. అంటే ఆల్టర్నేటరు తిరుగుతోంది గానీ కరెంటు ఇవ్వడం లేదు. బ్యాటరీలో మిగిలిందే ఇంజిను తింటోంది. అది అయిపోతే పెట్రోలు పంపు ఆగుతుంది, స్పార్కు ఆగుతుంది, బండి ఆగుతుంది.

అప్పుడే ఎదురుగా వస్తున్న పికప్ ట్రక్కు ఒకటి వేగం తగ్గించి ఆగింది. టోపీ పెట్టుకున్న ఓ రైతు దిగాడు. ఆ రోడ్డు మీద బండి ఆగి ఉంటే చూసి పోవడం వాళ్ల అలవాటు. కొడుకు చెప్పబోయేంతలో తండ్రే ముందుకొచ్చి వేలు పెట్టి చూపిస్తూ, "ఆల్టర్నేటర్... బేరింగ్" అన్నారు. ఆ రైతు వంగి విన్నాడు. తల పంకించి, "బేరింగ్" అన్నాడు. ఇంకేం మాట్లాడుకోనక్కర్లేకపోయింది. గుంటూరు మెకానిక్ షెడ్డులోనూ నెవాడా కొండలోనూ ఆ మాట ఒకటే మరి!

యురేకా దగ్గరే గానీ ఆల్టర్నేటరు కావాలంటే ఈలీకి పోవాల్సిందేనని అతను చెప్పాడు. వంద కిలోమీటర్లు. మధ్యలో ఇంకా రెండు పెద్ద కనుమలు. రాత్రికి ఇదే దారిన తిరిగొస్తాననీ, వాళ్లు రోడ్డు మీదే ఉంటే ఆగుతాననీ మాటిచ్చి, ఓ డబ్బా మంచినీళ్లు దించి వెళ్లాడు.

అత్తగారి చేతిలో స్విచ్చి

"ఇంట్లో జనరేటరు ఉందిగా?" అని అడిగారు తండ్రి.

ఉంది. మోటార్‌హోమ్‌లో ఇంటి అవసరాలకి ఓ చిన్న జనరేటరు ఉంటుంది. బండి ట్యాంకులోని పెట్రోలుతోనే నడుస్తుంది. ట్యాంకు పావు వంతుకి రాగానే దానికి పెట్రోలు అందడం ఆగిపోతుంది. ఇంటి సోకులకి ఖర్చుపెట్టి రోడ్డు మీద పడకుండా చేసిన ఏర్పాటు అది. ఆ జనరేటరు నడిస్తే ఇంటి బ్యాటరీలు నిండుతాయి. ఫ్రిజ్ కూడా ఆ కరెంటు మీదే నడుస్తుంది. అందులో తల్లి ఇన్సులిన్ ఉంది.

డాష్‌బోర్డు మీద ఇంకో చిన్న స్విచ్చి ఉంది. ఎప్పుడైనా ఇంజిను బ్యాటరీ దిగిపోతే ఇంటి బ్యాటరీల సాయంతో స్టార్ట్ చేసుకోవడానికి. నొక్కి పట్టుకున్నంతసేపూ రెండు సంసారాలూ ఒకటవుతాయి. వదిలేస్తే వేరుపడతాయి. ఏడాదిలో దాన్ని వాడే అవసరం కొడుక్కి రాలేదు. తండ్రి దాని వైరు ఎటు పోతోందో చూసి, పని ఏమిటో పట్టేశారు.

ముందు ఆ స్విచ్చి నొక్కి, ఇంజిను బ్యాటరీ సాయంతో జనరేటరు స్టార్ట్ చేశారు. ఇంటి బ్యాటరీలు అప్పటికే నీరసంగా ఉన్నాయి మరి. అరగంట నిండనిచ్చారు. తర్వాత జనరేటరు కరెంటుతో ఇంజిను బ్యాటరీని బతికించుకుంటూ బయల్దేరారు. ఏసీ బంద్. రేడియో బంద్. ఫోన్ల ఛార్జర్లు పీకేశారు. కిటికీలు తెరిచారు. ఆ స్విచ్చి ఎక్కువసేపు నొక్కి ఉంచితే దాని వెనకుండే సొలినాయిడ్ వేడెక్కి కాలిపోతుంది. కాబట్టి నొక్కుతూ, వదులుతూ పోవాలి.

ముందు సీట్లో తల్లి కూర్చుంది. చేతిలో స్విచ్చి. వెనక నుంచి మనవరాలు మీటరు చదువుతోంది.

"ట్వెల్వ్ పాయింట్ త్రీ తాతయ్యా... ట్వెల్వ్ పాయింట్ టూ..."

"పన్నెండుకి వస్తే చెప్పమ్మా."

"వచ్చింది!"

"నొక్కు" అంటారాయన. ఆవిడ నొక్కుతుంది. మీటరు మెల్లగా పదమూడుకి పాకుతుంది. కాసేపాగి, "వదులు" అంటారు. వదులుతుంది. "నలభై ఐదేళ్ల నించీ మీరు నొక్కమంటే నొక్కడం, వదలమంటే వదలడమే నా పని" అందావిడ. అందరూ నవ్వారు. స్విచ్చి మీద నుంచి మాత్రం ఆవిడ కళ్లు తిప్పలేదు.

కొడుకు గంటకి డెబ్భై కిలోమీటర్లు దాటనివ్వలేదు. ఇంజిను దగ్గర గరగర ఉండీ ఉండీ వినిపిస్తూనే ఉంది. ఆ బేరింగు పూర్తిగా పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. డబ్బాలో ఇంకో బెల్టు లేదు. ఏడున్నర వేల అడుగుల రాబిన్సన్ సమ్మిట్ ఎక్కేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. అవతలికి దిగి, ఈలీ ఇళ్లు కనిపించేసరికి సాయంత్రం ఆరున్నర.

పాత బట్టలకి స్టీలు సామాను

స్పేర్ పార్టుల షాపులో పాత ఆల్టర్నేటర్‌ని యంత్రానికి తగిలించి పరీక్షించారు. పోయిందని తేలింది. బాగుచేసి కొత్తదానిలా తయారుచేసిన ఆల్టర్నేటరు ఒకటి ఇచ్చారు. పాతది అప్పగించేదాకా కొంత డిపాజిట్ పట్టుకుంటారు. అప్పగించాక తిరిగిస్తారు. తండ్రికి ఆ పద్ధతి భలే నచ్చింది. "పాత బట్టలకి స్టీలు సామాను ఇచ్చినట్టే" అన్నారు. టెన్షనర్‌నీ, ఐడ్లర్‌నీ కూడా తీసుకోమన్నారు. పాతికేళ్ల స్ప్రింగు కొత్త బెల్టుని బిగువుగా పట్టుకోలేదని ఆయన లెక్క. ఇంకో స్పేర్ బెల్టు కొడుకు అడక్కుండానే కొన్నాడు.

ఆ రాత్రి క్యాంపులో కొత్తది బిగించాక, మర్నాడు అప్పగించాల్సిన పాత ఆల్టర్నేటర్‌ని తండ్రి బల్ల మీద పెట్టుకుని, వెనక భాగంలోని నాలుగు మరలు విప్పారు. కొడుకుని పిలిచారు. కరెంటు బ్రష్షులు అరిగి గోరంత మిగిలాయి. ఇరుసుని తిప్పితే బేరింగు మూలిగింది.

"నీ మీటరు తిరిగిన మైళ్లే చెప్పుద్ది. నిలబడ్డ ఏళ్లు చెప్పదు. తిరిగే బండిలో గ్రీజు కదులుతా ఉంటది. నిలబడ్డ బండిలో ఎండిపోద్ది. రెండు రాత్రుల నించీ ఇంటి బ్యాటరీలు అడుగంటా వాడారు. పొద్దున్నే వాటిని నింపే పని దీని నెత్తిన పడేశారు. ముసలోడికి బస్తా ఎత్తినట్టు."

అది నిజమే. ఆల్టర్నేటరు ఉన్నది ఖర్చయింది ఎప్పటికప్పుడు పూడ్చడానికి. ఖాళీ అయిన పెద్ద బ్యాటరీలని గంటల తరబడి నింపడం దాని వంతు కాదు. వేడెక్కి త్వరగా పోతుంది. ఈమధ్య చాలామంది మోటార్‌హోమ్‌లకి లిథియం బ్యాటరీలు వేయిస్తున్నారు. అవి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి, మధ్యలో ఆ లాగుడుని అదుపు చేసే ఛార్జరు పెట్టుకోవాలి. క్యాంపు వదిలే ముందు జనరేటరుతో ఓ గంటో రెండు గంటలో నింపుకుని ఉంటే ఆ పొద్దున ఇంత బరువు పడేది కాదు.

కొడుకు చాలాసేపు ఊరుకున్నాడు. చివరికి, "పొద్దున మీరు స్క్రూడ్రైవర్ అడిగినప్పుడే ఇచ్చి ఉంటే..." అన్నాడు.

తండ్రి మరలు బిగిస్తూ అప్పుడు చెప్పారు. 1984లో శివరాత్రి ముందు రోజు. ఇంజినులో శబ్దం వస్తోందని శ్రీశైలం పోయే బస్సు డ్రైవరు లాగ్‌షీట్‌లో రాశాడు. అప్పటికి తను ఉద్యోగంలో చేరి ఆరేళ్లు. అన్నీ వచ్చనుకునే వయసు. బానెట్ కూడా ఎత్తకుండా 'లోపం లేదు' అని సంతకం పెట్టేశారు. ఆ బస్సు దోర్నాల దాటాక నల్లమల ఘాట్‌లో నడిరాత్రి ఆగిపోయింది. బస్సు నిండా యాత్రికులు. ఓ చంటిపిల్ల తెల్లవార్లూ ఏడుస్తూనే ఉందట. ఎవరికీ ఏమీ కాలేదు. పై అధికారి మందలించి వదిలేశాడు. డ్రైవరు మాత్రం తిరిగొచ్చాక ఒక్క మాట కూడా అనలేదు. లాగ్‌షీట్ తెచ్చి, తను రాసిన వాక్యం చూపించి వెళ్లిపోయాడు.

"ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు శబ్దమన్నా ఇంజినుకి చెవి పెట్టా. వాడు తిట్టుంటే మర్చిపోయేవాణ్నేమో. అందుకే నేను నిన్నేం అన్లా" అన్నారు.

కొడుకు తలెత్తి చూసేసరికి ఆయన స్క్రూడ్రైవరు అతని చేతికిచ్చి, చేతులు కడుక్కోవడానికి లేచారు.

ఎర్ర అట్ట పుస్తకం

మర్నాటి రాత్రి గ్రేట్ బేసిన్‌లో పాలపుంత కనిపించింది. కొండ మీద నుంచి కొండ మీదకి తెల్లటి తోవలా. మనవరాలు వేలు పెట్టి చూపిస్తుంటే తాతయ్య మెడ నొప్పెట్టేదాకా చూశారు. తిరుగు ప్రయాణంలో అదే అట్ల కొండ మీద, అదే కంకర దగ్గర కాసేపు ఆగారు. నాయనమ్మ పులిహోర పెట్టింది.

అక్టోబరులో పెద్దవాళ్లు వెళ్లిపోయారు. వెళ్లే ముందు తండ్రి ఓ ఎర్ర అట్ట నోటు పుస్తకం కొనిపించుకుని, స్కేలు పెట్టి గళ్లు గీశారు. తేదీ, మైళ్లు, మార్చినది, చూడవలసినది. డిపో లాగ్‌షీట్‌కి ఎలా గీసేవారో అలాగే. బెల్టు, ఆల్టర్నేటరు, టెన్షనరు మార్చిన తేదీలు రాశారు. నెలకోసారి బండిని అరగంట తిప్పాలి. క్యాంపు వదిలే ముందు జనరేటరు వేయాలి. ఎర్రదీపం వెలిగితే ముందు వేడి ముల్లు చూడాలి, అది పైకి పోతుంటే అక్కడికక్కడే ఆపాలి. దీపం వెలిగినా ముల్లు కదలకపోతే ఏసీ, రేడియో ఆపేసి దగ్గర్లోని ఊరికి పోవచ్చు.

ఆ పుస్తకం ఇప్పుడు బండిలో డ్రైవరు సీటు పక్కనే ఉంటుంది. దానితోపాటు ఓ పొడుగాటి స్క్రూడ్రైవరు. నెలకోసారి కొడుకు ఇంజిను స్టార్ట్ చేసి, వీడియో కాల్‌లో ఫోనుని బానెట్ దగ్గర పెడతాడు. అవతల గుంటూరు జిల్లాలో రాత్రి పది దాటి ఉంటుంది. తండ్రి ఫోను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంటారు. బొమ్మ చూడరు. శబ్దమే వింటారు.

పుస్తకం మొదటి పేజీలో, అన్నిటికంటే పైన, గుండ్రటి అక్షరాలతో ఆయన రాసిన వాక్యం ఒకటుంది. 'ఎవరైనా శబ్దము వచ్చుచున్నదని చెప్పినచో, బండి ఆపి చూడవలెను.'

కింద తారీఖు వేసి సంతకం పెట్టారు.